బిడ్డకూ బిడ్డకూ ఎడం కావాలంటే: ‘వద్దు’ అనుకున్న రోజు నుంచి వాడే రోజు దాకా

“రెండేండ్ల దాకా వద్దనుకున్నాం. పాపకు ఏడో నెల నడుస్తుండగానే మళ్లీ నెల తప్పింది. ఎందుకిట్లయింది?” ఆదోని నుంచి రాయచోటి దాకా పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. “మరి ఏం వాడుతున్నారు?” అని తిరిగి అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు: “వాడదామనే అనుకున్నాం, ఇంతలోనే...”

వద్దనుకోవడం ఒకటి. ఏదో ఒకటి వాడతాననుకోవడం ఇంకొకటి. వాడడం మూడోది. రెండేళ్ల దాకా బిడ్డ వద్దంటూ ఏ పద్ధతీ వాడని స్త్రీని సర్వేల్లో ‘అవసరం తీరనివారి’ కింద రాసుకుంటారు. ఆమె నిజంగా వాడదలచుకుందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. మొరాకోలో 1992లో మాట్లాడిన స్త్రీలనే 1995లో మళ్లీ కలిసి చూసినప్పుడు, ‘వాడతాను’ అని ముందే చెప్పినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా వాడకంలోకి వచ్చారు. అలా చెప్పి కూడా మొదలుపెట్టనివాళ్లూ ఉన్నారు. అంటే ‘వద్దు’ కంటే ‘వాడతాను’కు బలం ఎక్కువ. ఆ మాట పక్కన ఒక తేదీ, ఒక పద్ధతి, ఒక చోటు రాసి పెట్టుకుంటేనే అది పనవుతుంది.

మనవైపు ఇంకో సంగతి ఉంది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలు 100 మందిలో దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కాపర్-టి, కండోమ్, ఇంజెక్షన్ వాడేవాళ్లందరినీ కలిపినా ఇద్దరు కారు. ‘ఇద్దరు పుట్టినాక ఆపరేషన్’ అని మన ఇండ్లలో గట్టిగా అనుకుంటారు, అనుకున్నట్టే చేయించుకుంటారు. పెళ్లికీ మొదటి కాన్పుకీ మధ్య, మొదటి కాన్పుకీ రెండోదానికీ మధ్య ఏం చేయాలో మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. ఒక కాన్పయ్యాక మళ్లీ గర్భం రావడానికి కనీసం 24 నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ ఖాళీని ఎలా నింపుకోవాలో చూద్దాం.

కావలసినవి

తల్లీబిడ్డల రక్షణ కార్డు. గోడ క్యాలెండర్, పెన్ను. చివరి నెలసరి మొదలైన తేదీ. ఈ మధ్య చూపించుకున్న బీపీ అంకె. లేకపోతే మీ ఊరి విలేజ్ క్లినిక్‌లో ఏఎన్‌ఎం నిమిషంలో చూస్తుంది. మీరు రోజూ వేసుకునే మందుల చీటీ, ముఖ్యంగా టీబీ మందులు, ఫిట్స్ మందులు ఉంటే తప్పకుండా. ఒక నిరోధ్ ప్యాకెట్. గర్భం ఉందో లేదో చూసే నిశ్చయ్ కిట్ ఒకటి. చివరి రెండూ ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో దొరుకుతాయి.

1. మీ మాటను నెలల్లో రాయండి

‘కొన్నాళ్లు వద్దు’ అని కాకుండా అంకె వేయండి: 12 నెలలా, 24 నెలలా, 36 నెలలా, ఇక అసలు వద్దా? పద్ధతిని తేల్చేది ఈ అంకే. ఇంకో ఏడాదిలో బిడ్డ కావాలనుకునే ఆమెకు, ఇక చాలు అనుకునే ఆమెకు ఒకే పద్ధతి సరిపోదు.

తర్వాత ఇంకో ప్రశ్న మీకు మీరే వేసుకోండి: “ఈ నెలే నెల తప్పితే నాకెట్లుంటుంది?” ఏడుపొస్తుందని జవాబొస్తే ఇవాళే మొదలుపెట్టాలి. ‘అయితే కానీలే’ అని జవాబొస్తే మీ ‘వద్దు’ అంత గట్టిది కాదు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సంగతి ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

మూడోది: “వాడతానా?” వాడను అనిపిస్తే ఎందుకో ఒక్క ముక్కలో రాయండి. ఇక్కడే అసలు పని మొదలవుతుంది.

2. ఆపుతున్న కారణానికి జవాబు వెతకండి

“ఇంగా పాలిస్తా ఉండాను కదా.” పాలిచ్చినంత మాత్రాన గర్భం ఆగదు. మూడు షరతులూ ఒకేసారి ఉంటేనే పాలు కాపాడతాయి: బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, కాన్పు తర్వాత నెలసరి ఒక్కసారీ వచ్చి ఉండకూడదు, బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు, పోతపాలు, ఉగ్గు ఏవీ పట్టకూడదు. పగలు నాలుగు గంటలకు మించి, రాత్రి ఆరు గంటలకు మించి పాలకు విరామం ఉండకూడదు. ఎండాకాలం బిడ్డకు దప్పిక అవుతుందని జేజి చెంచాతో నీళ్లు పట్టిన రోజే మూడో షరతు పోయింది. అన్నప్రాశన అయిందంటే కూడా పోయినట్టే. ‘నెలసరి వచ్చినాక చూద్దాం’ అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు: అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత వస్తుంది. అందుకే కాన్పు తర్వాత ఒక్కసారి కూడా బయట చేరకుండానే మళ్లీ నీళ్లు పోసుకున్నవాళ్లుంటారు. పాలివ్వని తల్లికి నాలుగు వారాలకే అండం విడుదల కావచ్చు.

“ఆయప్ప ఊళ్లో లేడు గదా, నాకెందుకు?” కడప, రాయచోటి వైపు కువైట్‌కు, అనంతపురం వైపు బెంగళూరుకు పోయిన భర్తలున్న ఇండ్లలో ఇదే మాట. ఆయన లేనన్నాళ్లు అవసరం లేని మాట నిజమే. కానీ సెలవు మీద వస్తున్నట్టు ఫోన్ వచ్చిన రోజు మీ అవసరం ఒక్కసారిగా మారిపోతుంది, వాడాలన్న ఆలోచన మాత్రం అలాగే నిద్రపోతుంటుంది. ఆయన విమానం టికెట్ తేదీ తెలియగానే క్యాలెండర్‌లో దానికి నెల ముందు ఒక గుర్తు పెట్టండి. ఎందుకు నెల ముందంటే, కొన్ని పద్ధతులు నెలసరి మొదటి రోజుల్లోనే మొదలుపెట్టాలి. నెల వ్యవధి ఉంటే ఒక్క నెలసరైనా అందులో పడుతుంది.

“మళ్లీ పిల్లలు పుట్టరేమో.” కాపర్-టి తీయించిన వెంటనే, కండోమ్ ఆపిన వెంటనే, మాత్రలు మానేసిన కొద్దికాలానికే గర్భం నిలవొచ్చు. ఆలస్యమయ్యేది మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్‌తోనే: చివరి ఇంజెక్షన్ నుంచి మామూలుగా 7 నుంచి 10 నెలలు పడుతుంది. అది గొడ్రాలితనం కాదు, ఆలస్యం మాత్రమే. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకుంటే అంతర తీసుకోకండి, అంతే.

“కాపర్-టి గుండెకు ఎక్కుతుందంట.” గర్భసంచికి, గుండెకు దారి లేదు. కాపర్-టి జారితే కిందికి, బయటికే జారుతుంది. ఎప్పుడో అరుదుగా గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు. అందుకే శిక్షణ ఉన్నవాళ్ల చేతే వేయించుకోవాలి, ఆరు వారాలకు ఒకసారి చూపించుకోవాలి.

“ఇంట్లో ఒప్పుకోరు.” ముందు భర్తతో ఒంటరిగా మాట్లాడండి, అత్త ముందు వద్దు. ‘పిల్లలు వద్దు’ అని మొదలుపెడితే గొడవ అవుతుంది. ‘పాపకు రెండేండ్లు పాలు సరిపోవాలి, నాకు రక్తం పట్టాలి’ అని మొదలుపెడితే వింటారు. భర్త సంతకం లేనిదే కాపర్-టి వేయం, ఆపరేషన్ చేయం అని ఎవరైనా అంటే అది నిబంధన కాదని తెలుసుకోండి. సమ్మతి మీది ఒక్కరిదే చాలు. ఇంట్లో గుట్టుగా ఉండాల్సిన పరిస్థితైతే ఇంజెక్షన్‌కు కార్డు తప్ప ఇంట్లో దాచాల్సింది ఏమీ ఉండదు. ఆ కార్డు ఆశా అక్క దగ్గరే ఉంచమని అడగవచ్చు.

3. తేదీ పెట్టండి

మన ఇండ్లలో అవసరం మొదలయ్యే రోజు చాలాసార్లు పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చే రోజే. మూడో నెలో అయిదో నెలో మంచిరోజు చూసి పంపుతారు. ఆ మంచిరోజుకు పది రోజుల ముందు, పుట్టింట్లో ఉండగానే మొదలుపెట్టండి. అత్తింటికి చేరాక ‘ఆ ఊరి ఆశా ఎవరో, క్లినిక్ యాడుందో’ తెలుసుకునేసరికి రెండు నెలలు గడిచిపోతాయి.

ఇంకా ముందే, గర్భంతో ఉన్నప్పుడే తేల్చుకోగలిగితే అన్నింటికంటే మేలు. ప్రతి నెలా 9వ తేదీన జరిగే ఉచిత గర్భిణీ పరీక్షలకు వెళ్లినప్పుడు “కాన్పు కాగానే కాపర్-టి వేయించుకుంటాను” అని చెప్పి కార్డు మీద రాయించండి. మాయ పడిన 10 నిమిషాల నుంచి 48 గంటల లోపు వేస్తారు. సిజేరియన్ అయితే ఆ ఆపరేషన్‌లోనే వేసేస్తారు. ఈ 48 గంటలు దాటితే మళ్లీ ఆరు వారాలు ఆగాలి. నొప్పులు పడుతున్నప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే సరిగా ఆలోచించలేరు, అందుకే ముందే చెప్పాలి. కర్నూలు, అనంతపురం, కడప సర్వజన ఆసుపత్రుల్లో కాన్పుకు పోయేవాళ్లు కార్డు మీది ఆ రాత పైకి కనిపించేలా పట్టుకుపోవాలి.

గర్భస్రావమైనా, అబార్షన్ చేయించుకున్నా రెండు వారాల్లోపే మళ్లీ అండం విడుదల కావచ్చు. ఇంటికి వచ్చే రోజే ఏదో ఒకటి మొదలుపెట్టి రండి. మళ్లీ గర్భం రావడానికి కనీసం ఆరు నెలలు ఆగాలి.

ఆపరేషనే చేయించుకోవాలనుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ‘చలికాలం వస్తే చేయించుకుందాం’, ‘బిడ్డ ఇంకొంచెం పెద్దదైతే చేయించుకుందాం’ అనే మధ్యకాలంలో మూడో గర్భం వచ్చినవాళ్లు ఉన్నారు. కాన్పయిన 7 రోజుల్లోపు చేయించుకోకపోతే ఆరు వారాల తర్వాతే చేస్తారు. ఆపరేషన్ తేదీ దాకా కండోమో ఛాయా మాత్రలో వాడుతూనే ఉండాలి. భర్త చేయించుకుంటే, కోత కుట్టు లేని వాసెక్టమీ అయినా సరే, మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి.

4. పద్ధతి ఎంచుకోండి

మీరు రాసుకున్న నెలల అంకెను దగ్గర పెట్టుకోండి.

కాపర్-టి: రెండేళ్లు, అంతకంటే ఎక్కువ ఎడం కావాలంటే ముందు దీన్నే చూడండి. 380ఏ రకం 10 ఏళ్లు, 375 రకం 5 ఏళ్లు పనిచేస్తుంది. వేసిన రోజు నుంచే పని మొదలు. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. అనుకోవడానికీ వాడడానికీ మధ్య జారిపోయే మతిమరుపుకు ఇదొక్కటే సరైన మందని మా అభిప్రాయం. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా ఉండొచ్చు. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌కు ఆ మాట చెప్పాలి.

అంతర ఇంజెక్షన్: మూడు నెలలకోసారి. పాలిచ్చే తల్లులు కాన్పయిన ఆరు వారాల తర్వాత తీసుకోవచ్చు. నెలసరి మొదలైన 7 రోజుల్లోపు తీసుకుంటే వెంటనే పనిచేస్తుంది. ఇంకో రోజున తీసుకుంటే గర్భం లేదని తేల్చుకుని, 7 రోజులు కండోమ్ తోడు పెట్టుకోవాలి. సూది వేసిన చోట రుద్దకండి, వేడినీళ్ల కాపడం పెట్టకండి; మందు త్వరగా కరిగి, మూడు నెలల రక్షణ తగ్గిపోతుంది. బీపీ 160/100, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

ఛాయా మాత్ర: హార్మోను లేనిది, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసింది. పాలిచ్చే తల్లులకు పనికొస్తుంది. మొదటి మాత్ర నెలసరి మొదటి రోజున వేసుకోవాలి. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. మొదటి మాత్ర ఆదివారం పడితే మూడు నెలలు ఆదివారం, బుధవారం. నాలుగో నెల నుంచి ఆదివారం మాత్రమే. సోమవారం పడితే సోమ, గురు. మంగళవారమైతే మంగళ, శుక్ర. ఇక్కడ జరిగే తప్పు చూడండి: పక్కింటి వదిన ఏడాదిగా వాడుతూ వారానికి ఒకటే వేసుకుంటుంది, ఆమెను చూసి కొత్తగా మొదలుపెట్టినామె కూడా ఒకటే వేసుకుంటుంది. మొదటి మూడు నెలలు ఒకటి సరిపోదు. అండాశయంలో నీటి బుడగలున్నవాళ్లు, ఈ మధ్య కామెర్లు వచ్చినవాళ్లు, టీబీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు.

మాలా-ఎన్: రోజూ వేసుకునే హార్మోను మాత్రలు. 28 మాత్రల షీటు, 21 తెల్లవి, 7 నల్లవి. నల్లవి ఐరన్ మాత్రలు. నెలసరి మొదటి 5 రోజుల్లో మొదలుపెట్టి రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే మరపు తక్కువ. పాలిచ్చే తల్లులు బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వాడకూడదు. బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు వాడకూడదు. కొన్ని టీబీ, ఫిట్స్ మందులు దీని శక్తిని తగ్గిస్తాయి. మందుల చీటీ తెమ్మన్నది ఇందుకే.

కండోమ్: ఎప్పుడైనా, ఎవరైనా. అయితే ‘ఈ ఒక్కసారికి వద్దులే’ అన్నచోటే దెబ్బ తింటుంది. మామూలుగా జనం వాడే తీరులో ఏడాదికి 100 జంటల్లో 13 మందికి గర్భం వస్తుంది. కాపర్-టితో ఒకరికి కూడా రాదనే చెప్పొచ్చు.

5. క్లినిక్‌కు వెళ్లి ఖాళీ చేతులతో రాకండి

“పిల్లలు కాకుండా ఏదన్నా ఇయ్యండి” అనకండి. “నాకు 24 నెలల ఎడం కావాలి, అంతర కావాలి, చివరి నెలసరి ఫలానా తేదీన వచ్చింది” అనండి. అడగడం తేలికైతే ఇవ్వడమూ తేలికవుతుంది.

నెలసరిలో లేరు కాబట్టి మళ్లీ రమ్మంటే, గర్భం లేదని తేల్చే మార్గాలున్నాయని గుర్తు చేయండి. నెలసరి మొదలై 7 రోజులు దాటలేదా? కాన్పయి నాలుగు వారాలు కాలేదా? పాలిచ్చే మూడు షరతులూ ఉన్నాయా? అబార్షనై 7 రోజులు దాటలేదా? చివరి నెలసరి తర్వాత కలవలేదా? ఒక పద్ధతిని సరిగ్గా వాడుతూనే ఉన్నారా? వీటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా గర్భం లేదనే లెక్క.

స్టాక్ లేదంటే? అప్పుడు రెండో పద్ధతి అడగండి. అదీ లేకపోతే కనీసం కండోమ్‌లు తీసుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకుని రండి. ‘వచ్చే నెల చూద్దాం’ అని ఉత్త చేతులతో తిరిగిన రోజే చాలామంది సంకల్పం కరిగిపోతుంది. పేరు చెప్పి ఫోన్ చేయమని ఏఎన్‌ఎంకు నంబరిచ్చి రండి.

బయటికి వచ్చే ముందు మూడు ప్రశ్నలు: నెలసరి ఎలా మారుతుంది? ఏ లక్షణానికి వెంటనే రావాలి? మళ్లీ ఏ తేదీకి రావాలి?

6. మొదటి మూడు నెలలు నిలబడండి

మొదలుపెట్టినవాళ్లు మానేసేది ఎక్కువగా ఈ మూడు నెలల్లోనే, అదీ నెలసరి మారిందన్న భయంతోనే. అంతరతో కొన్ని నెలలు మరకలు పడొచ్చు, తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. చెడు రక్తం లోపల నిలిచిపోతోందని పెద్దవాళ్లు భయపెడతారు. లోపల నిలవడానికి అసలు రక్తం తయారవ్వదు. గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది, అందుకే రాదు. ఛాయాతో నెలసరి ఆలస్యమవుతుంది. గడువు దాటి 15 రోజులైతే గర్భపరీక్ష చేసుకోండి.

ఇబ్బందిగా ఉంటే ఉన్నట్టుండి మానేయకండి, మార్చుకోండి. మాత్రలు మానేసిన రోజే కండోమ్ మొదలవ్వాలి. మానేయడానికీ మార్చుకోవడానికీ మధ్య వదిలిన పది రోజులు చాలు, గర్భం రావడానికి.

మరిచిపోతే: మాలా-ఎన్ ఒక మాత్ర మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, ఒకే రోజు రెండు పడినా పర్వాలేదు. రెండు, అంతకంటే ఎక్కువ తెల్ల మాత్రలు వరుసగా మరిస్తే వెంటనే ఒకటి వేసుకుని, రోజువారీ కొనసాగిస్తూ 7 రోజులు కండోమ్ వాడండి. ఆ 7 రోజులు నల్ల మాత్రల్లోకి పోతే నల్లవి వదిలేసి కొత్త షీటు తెల్లవి మొదలుపెట్టండి. ఛాయా 7 రోజుల్లోపు ఆలస్యమైతే వెంటనే వేసుకుని, మామూలు రోజుల ప్రకారమే సాగిస్తూ, వచ్చే నెలసరి దాకా కండోమ్ వాడండి. 7 రోజులు దాటితే మళ్లీ కొత్తగా మొదలుపెట్టినట్టే, వారానికి రెండు చొప్పున మూడు నెలలు.

ఏమీ వాడకుండా కలిసినా, కండోమ్ చిరిగినా 72 గంటల్లోపు అత్యవసర మాత్ర వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. అది ఒకసారికి ఆదుకునేదే, నెలనెలా వాడేది కాదు. వేసుకున్న మూడు వారాల్లో నెలసరి రాకపోతే పరీక్ష చేసుకోండి.

7. ఊరు మారేటప్పుడు లెక్క కట్టండి

కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి సుగ్గికి పోయేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. సంక్రాంతి అయ్యాక మిరపకోతలకు గుంటూరు వైపు పోయి, ఉగాదికో ఆ తర్వాతో వస్తారు. అక్కడ పొలం దగ్గర గుడిసెల్లో ఉన్నప్పుడు ఆ ఊరి ఆశా మీ పేరు రాసుకోవడం కష్టం. పోయే ముందు, జనవరి 20న అంతర వేయించుకున్నారనుకోండి. తర్వాతిది ఏప్రిల్ 20న. రెండు వారాలు ముందు వేయించుకోవచ్చు, నాలుగు వారాలు ఆలస్యమైనా పర్వాలేదు. అంటే ఏప్రిల్ 6 నుంచి మే 18 దాకా గడువు ఉన్నట్టే. ఉగాదికి ఊరికి వచ్చాక ఏప్రిల్ 6 దాటగానే వేయించుకుంటే సరిపోతుంది. మే 18 కూడా దాటితే గర్భం లేదని తేల్చుకుని వేయించుకుని, 7 రోజులు కండోమ్ వాడాలి.

మాత్రలు వాడేవాళ్లు పోయే రోజుకు ఎన్ని షీట్లు కావాలో లెక్కేసి, ఒకటి ఎక్కువే అడిగి తీసుకోండి. కార్డు మీది ఆర్‌సీహెచ్ నంబరు (తల్లీబిడ్డల ఆరోగ్య రికార్డులో మీ నంబరు) ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ ప్రభుత్వ కేంద్రానికి పోయినా ఆ నంబరు చూపిస్తే మీ వివరాలు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోనవసరం లేదు.

సరిగ్గా జరుగుతోందా అని ఎలా చూడాలి?

క్యాలెండర్ మీద ప్రతి నెలసరి మొదటి రోజున సున్నా చుట్టండి, ప్రతి మాత్రకు లేదా ఇంజెక్షన్‌కు గీత పెట్టండి. గీతల మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడ రక్షణ లేదన్నమాట.

అనుమానం వస్తే నిశ్చయ్ కిట్ వాడండి. పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన గిన్నెలో పట్టి, కిట్‌లోని డ్రాపర్‌తో రెండు చుక్కలు గుంటలో వేసి 5 నిమిషాలు ఆగండి. రెండు గీతలొస్తే గర్భం ఉంది, ఒకటే వస్తే లేదు. ఒక్క గీతా రాకపోతే కిట్ పనిచేయలేదు, ఇంకోటి తీసుకోండి. మరీ తొందరగా చూస్తే ఉన్న గర్భం కూడా కనిపించకపోవచ్చు. వారం తర్వాత మళ్లీ చూడండి. ఆపరేషనైనవాళ్లు కూడా నెల తప్పితే ఈ పరీక్ష చేసుకోవాలి, ఎందుకంటే 200 మందిలో ఒకరికి ఆపరేషన్ విఫలమవుతుంది.

కాపర్-టి వేయించుకున్నవాళ్లు నెలసరి అయ్యాక చేతులు కడుక్కుని దారాలు తగులుతున్నాయా చూసుకోవచ్చు. తగలకపోయినా, ఉన్నట్టుండి పొడవుగా తగిలినా చూపించుకునే దాకా కండోమ్ వాడండి. దారాన్ని లాగకండి.

ఇవి కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి: కాపర్-టి ఉండి పొత్తికడుపులో ఓర్చుకోలేని నొప్పి, చలిజ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, మాలా-ఎన్ వాడుతూ ఛాతీ నొప్పి, ఒక పిక్క వాచి నొప్పి, చూపు మసకబారడం, ఏ పద్ధతి వాడుతున్నా నెల తప్పి, ఒక పక్క కడుపునొప్పితో కళ్లు తిరగడం.

ఆశా అక్కలకు ఒక మాట. రిజిస్టర్‌లో ‘అవసరం ఉంది’ అని రాసి ఊరుకుంటే ఆ ఇంటికి మళ్లీ పోయేసరికి ఆమె గర్భవతి అయి ఉంటుంది. ఆ గడి పక్కన మూడు ముక్కలు రాయండి: వాడతానందా, ఏది, ఎప్పటి నుంచి. ‘వాడతాను, అంతర, అత్తింటికి పోయే ముందు’ అని ఉంటే మీరు ఏ రోజు తలుపు తట్టాలో తెలుస్తుంది. ‘వాడను, భయం’ అని ఉంటే సరుకు పట్టుకుపోవడం కంటే ముందు ఆ భయం ఏమిటో వినాలి. మూడు నెలలకోసారి ఇదే ప్రశ్న మళ్లీ అడగండి, మనసు మారుతుంది. ఇంకో బిడ్డ కావాలని ఆమె అంటే ఆ మాట రాసుకుని, ఆపేసే తేదీ చెప్పండి. అంతర అయితే తర్వాతి సూది వద్దని, కాపర్-టి అయితే ఏ రోజు తీస్తారో.